కత్తెర డాక్టరుకు వైద్యం

మా వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కత్తెర డాక్టరు అనేవారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడకు గుడ్డ చుట్టేలోపే వాడి జబ్బేమిటో తేల్చేసేవాడు. మోకాలి నొప్పి, నిద్రలేమి, అల్లుడితో పడకపోవడం, దేనికైనా మందు ఆయన నాలుక చివరే ఉండేది. గొంతు మీద కత్తి ఆడుతుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

అలాంటివాడికి దగ్గు పట్టుకుంది. తన మందులన్నీ తనమీదే ప్రయోగించుకున్నాడు. ఆవిరి పట్టాడు, తేనె నాకాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు. కళ్లెలో నెత్తురు కనబడ్డాక గాని పెద్దాసుపత్రి మెట్లెక్కలేదు. అక్కడ స్కాన్ తీశారు, ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, ఇది క్యాన్సరని, అప్పటికే ఎముకల దాకా పాకిందని మెల్లగా చెప్పింది. ఆయన ఇంటికొచ్చి ఆ మాటే భార్యకూ, అక్కకూ, బావమరిదికీ చెప్పాడు.

వాళ్లు ముగ్గురూ వంటింట్లో చేరి చాలాసేపు గుసగుసలాడారు. చివరికి ఒక నిర్ణయానికొచ్చారు: ఈ సంగతి ఆయనకు తెలియకూడదు.

"మీకు చెప్పిందే నేను కదరా!" అన్నాడాయన గుమ్మంలోంచి.

"అబ్బే, అది ఉత్త జలుబు బావా. నువ్వేం మనసులో పెట్టుకోకు," అన్నాడు బావమరిది.

"సరే, అయితే నాకు చెప్పకండి," అని వెళ్లి ముసుగుతన్నాడు. దుప్పటి కింద ఆయన ఏడుస్తున్న సంగతి భార్య ఒక్కతే పసిగట్టింది. తనూ వెళ్లి పక్కన కూర్చుంది.

మర్నాటి నుంచి ఇల్లు సంత అయింది. వచ్చినవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, "సిగరెట్లు తాగేవాడివా?" అని. జన్మలో ముట్టలేదంటే, పాపం, నిరాశపడిపోయేవాళ్లు. అందరికంటే గట్టిగా నిలదీసిన బావమరిది ఆ జవాబుకు కలవరపడి, వీధిలోకెళ్లి ఒకటి తాగి వచ్చాడు. వచ్చి, "ఉన్నవాటిలో గట్టి మందే వేయించాలి. వెనకడుగు వేసేది లేదు," అని తీర్మానించాడు. సూది పొడిచేది తన నరానికి కాదు కదా! అక్క ఎవరి దగ్గర్నుంచో ఆకుపొడి తెచ్చింది.

"ఇది మింగితే లేచి పరిగెత్తుతావు తమ్ముడూ."

"ఈ చుట్టాల్ని చూస్తే అది లేకుండానే పరిగెత్తాలనిపిస్తోందక్కా."

డాక్టరమ్మ దగ్గరికి భార్యతో వెళ్తుంటే బావమరిది కూడా వెంటపడ్డాడు. ఆవిడ ఏదీ దాచలేదు. "జబ్బు పూర్తిగా పోదు, కొంతకాలం అదుపులో పెట్టొచ్చు. మాత్రలకు లొంగే రకం కాదని పరీక్షలో తేలింది. రెండు మందులు కలిపి ఎక్కిస్తే ఇంకొన్నాళ్లు కలిసిరావచ్చు, రాకపోనూవచ్చు. కాని వేళ్లు మొద్దుబారొచ్చు. ఒక్క మందైతే ఒంటికి కాస్త తేలిక, పనిచెయ్యడమూ కాస్త తక్కువే. ఏదీ వద్దనుకున్నా నొప్పీ ఆయాసమూ లేకుండా మేం చూసుకుంటాం."

బావమరిది నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, "మీకేం కావాలి?" అని రోగినే అడిగింది.

ఆయన తెల్లబోయాడు. ఊరందరికీ మందు చెప్పాడు గాని, ఏనాడూ ఎవర్నీ ఆ ముక్క అడిగిన పాపాన పోలేదు.

"నాకు వేళ్లు కావాలమ్మా," అన్నాడు. "పని చెయ్యకుండా కూర్చుంటే ముందు ఆ కూర్చోవడమే నన్ను చంపుతుంది."

"మీరేమంటారమ్మా?"

"ఇంటికొచ్చి నన్ను సాధించే ఓపిక మిగిల్తే చాలండి," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

ఒక్క మందే మొదలుపెట్టారు. ఎక్కించిన ప్రతిసారీ మూడు రోజులు వాంతులతో, నీరసంతో మంచం దిగేవాడు కాదు. తర్వాత తేరుకుని రోజుకో పూట షాపు తెరిచేవాడు. ఆకుపొడి మింగుతున్నానని అక్కకు చెప్పి, పొట్లాలన్నీ అలమరలో దాచాడు. ఒకనాడు బావమరిది గడ్డానికొచ్చి, నురగ పూయించుకుంటూనే మొదలుపెట్టాడు, "ఇప్పటికైనా ఆ రెండో మందు..."

"కదలకురా, తెగుతుంది," అన్నాడాయన కత్తి ఆనించి. ఆ పూట షాపంతా ప్రశాంతంగా ఉంది.

వేసవి దాటాక తీసిన స్కానులో జబ్బు మళ్లీ పెరిగింది. ఇంకో మందుందని, దానికి పెద్దగా ఆశ పెట్టుకోలేమని డాక్టరమ్మ చెప్పింది. ఆయన వద్దన్నాడు. అక్క అలిగింది, బావమరిది అరిచాడు. ఈసారి భార్య అడ్డం నిలబడింది: "ఆయన ఒళ్లు, ఆయనిష్టం. కాఫీ తాగి బయల్దేరండి."

చివరి రోజుల్లో నొప్పి మందు వేళకు పడేది. షాపుకు వెళ్లే సత్తువ పోయింది. భార్యే కిటికీ పక్కన కూర్చోబెట్టి గడ్డం గీసేది. ఒకసారి చుబుకం మీద గాటు పడింది.

"వేరేవాడైతే మళ్లీ ఈ గుమ్మం తొక్కడు," అన్నాడు.

"మీరు మాత్రం ఎక్కడికి పోతారు?" అనేసి, ఆవిడ నాలుక కరుచుకుంది.

ఆయన ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "రెండో బుగ్గ మిగిలింది, కానివ్వు," అన్నాడు. ఆవిడ వేళ్లతో చర్మం బిగబట్టి మెల్లగా గీసింది. ఆ వారంలోనే, మధ్యాహ్నం కునుకులో, ఆయన పోయాడు.