నా అక్షరాలకు జడిసిన హాలు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నలుగురిలో చదవాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఒకసారి మా ఊరు బండ్రిలో, ఎర్రమట్టిలో వేలితో దిద్దుతుంటే, సినిమా పేర్లు గీసే మనవరాలు చూసింది.

"అవ్వా, మా దెయ్యం సినిమాకు ఇట్లా వణికే అక్షరాలే కావల్ల. 'మసక గడప' అని రాయవ్వా."

"ఏమే, నా రాత దెయ్యాలకే పనికొస్తాదా?" అని కసిరాను. అయినా ఆ మట్టిలోనే రాశాను, అది ఫోటో తీసుకుంది.

సినిమా విడుదలయ్యాక బళ్లారి హాల్లో, తెరమీది పొగమంచులోంచి నా ఎర్రటి అక్షరాలు మెల్లగా తేలుతూ వచ్చాయి. కలలో ఉన్నట్టు "మ... స... క..." అంటూ పైకే చదివేశాను. ఆ చీకట్లో నా బొంగురు గొంతుకు ముందువరుస కెవ్వుమంది.

"అరవాకండప్పా, నేను చదువుతాండా!" అన్నాను.

"దెయ్యమే వచ్చెననుకొంటిమి గదవ్వా!" అన్నాడొకడు. హాలంతా నవ్వింది.

సిగ్గేసింది. కానీ అక్షరాలింకా తెరమీదే ఉన్నాయి. "గ... డ... ప" కూడా చదివాకే నోరు మూశాను.