వేళ్లను కొలిచిన ఏడాది

వ్యవసాయ డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో, మొక్కకు తెలియని సంగతులు కూడా నాకు తెలుసునని నమ్మేవాణ్ణి. మా ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివాణ్ణి కనుక, నా మాటకు అడ్డు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. (ఉండి ఉంటే ఎంత బాగుండేదో.)

ఆ ఏడు వేంసూరు దగ్గరి మా రెండెకరాల కోసం నాయన ఐదు మడుల్లో మిరప నారు పోశాడు. అది పోతే మళ్లీ పోయడానికి అదను లేదు. వానపాముల ఎరువులో హ్యూమిక్ ఆమ్లాలు, హార్మోన్ల వంటి పదార్థాలు ఉంటాయనీ, అవి తగు మోతాదులో అందితే పిల్లవేళ్లు గుబురుగా పుట్టుకొస్తాయనీ ఆయనకు ఒక సాయంత్రమంతా ఉపన్యసించాను. నాయన శ్రద్ధగా విని, "గిదంత వానపాములకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

ఎరువు నానబెట్టి వడకట్టిన నల్లని నీటిని బాగా పలుచన చేసి పోయాలని పుస్తకంలో ఉంది. 'తగు మోతాదు' అన్న మాటను నేనే మరిచి, చిక్కగా పోశాను. అంతటితో ఆగక, ప్రతి ఉదయం మడికి పది మొక్కల చొప్పున పీకి, వేళ్లు కడిగి, స్కేలుతో కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, మళ్లీ నాటేవాణ్ణి. వేళ్లు పెరగడం లేదని తేలిన రోజున మరింత చిక్కగా పోశాను. ఐదో మడి నా లెక్కలోకి రాలేదు. దానిలో మొలకే రాలేదని చెప్పి, అమ్మ దాని మీద పామాయిల్ మట్టలు కప్పి ఉంచింది.

రెండు వారాల్లో నాలుగు మడులూ పసుపెక్కి పడిపోయాయి. నాయన గట్టు మీద చాలాసేపు కూర్చుని లేచి వెళ్లాడు. అప్పుడు అమ్మ మట్టలు తీసింది. కింద నారు పచ్చగా, ఒత్తుగా ఉంది. నేను లేనప్పుడు మట్టలు తీసి ఎండ చూపించి, బకెట్ నీళ్లకు ఒక్క చెంబు నల్లనీళ్లు కలిపి పోసిందట. "పసిపిల్లకు చిక్కటి డికాషన్ పోస్తమా?" అంది, నా వైపు చూడకుండా.

ఆ నారు అర ఎకరానికే సరిపోయింది. మిగిలిన నేల బీడుగా ఉండిపోయింది. ఆ చలికాలమంతా నాయన అశ్వారావుపేట తోటల్లో పామాయిల్ గెలలు కోసే కూలికి వెళ్లాడు. అంతకు ముందు, నాటు వేసే రోజున, ఒక మొక్కను పెకలించి నా ముందు పట్టుకున్నాడు. తెల్లని వేళ్లు జడకుచ్చులా వేలాడుతున్నాయి. "ఇప్పుడు కొలుసుకో బిడ్డా," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. స్కేలు జేబులోనే ఉంది. తీయలేకపోయాను.

ఇప్పుడు ఊరూరా తిరిగి రైతులకు అదే పాఠం చెబుతున్నాను. శాస్త్రం మారలేదు, మోతాదుకు మాత్రం అమ్మ మాట వాడతాను. చెబుతూ ఉంటే, జేబులో స్కేలున్న ఆ కుర్రవాడు వెనక వరుసలో వినయంగా రాసుకుంటున్నట్టే ఉంటుంది. కోపం రాదు, నవ్వే వస్తుంది. కాకపోతే, లేచి మడి వైపు వెళ్తాడేమోనని ఒక కన్ను వేసి ఉంచుతాను.