బర్రె కవితను నేను చదివిన తీరు

మూడేళ్ల కిందట, బతుకమ్మ పండుగ ముందటి ఆదివారం పొద్దున పది గంటలకు, జనగామలో ఒక పత్తి దుకాణంలో అది జరిగింది. అప్పటినుంచి మింగుతూనే ఉన్నాను, దిగడం లేదు. మీకు చెప్పేస్తాను.

దేశదేశాల తెలుగువాళ్లు ఫోన్లో కలుసుకునే కవుల గుంపు ఒకటుంది. ఆ ఏడు వాళ్లు పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ బయటి దేశాల్లో పెరిగినవాళ్లు. తెలుగు వింటారు, చదవలేరు. అందుకని పేర్లు తీసేసి, కవితలన్నీ ఒకే గొంతుతో చదివి పంపాలన్నారు. ఆ గొంతు నాదైంది. నేను కవిని కాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ని, మోసం చేసేంత చదువు నాకెక్కడిది అనుకున్నారు.

పోటీ నడిపే సుజాతక్క మహబూబాబాద్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంది. కాటారం నుంచి మా చెల్లెలి భర్త రాజయ్య బావ ఊరికే వచ్చినట్టు వచ్చాడు. ఫలానాది నాదే అని ఎవరైనా బయటపడితే పోటీ నుంచి తీసేస్తారు. అదీ నియమం.

నాలుగోది చచ్చిపోయిన బర్రె మీద. ముందురోజు ఇంట్లో చూసుకున్నప్పుడే పోల్చాను. ఆ ఒంటికొమ్ము బర్రె బావదే. కవిత చాలా బాగుంది. నా చదువు గుట్టెక్కే ఎడ్లబండి అని అంతకు కొద్దిరోజుల ముందే ఒక పెళ్లిపందిట్లో బావ అందరి ముందూ నవ్వాడు. సరే, ఎక్కిద్దాం అనుకున్నాను. మిగతావన్నీ సాఫీగానే చదివాను. దీన్ని మాత్రం మాటమాటకూ విరిచాను. దగ్గాను. ఏడుపు రావలసిన చోట ఆవులించాను.

బావ భుజం మీది తువ్వాల కొరికాడు.

"జర మంచిగ సదువు బావా. గట్ల సదివితే బర్రె రెండోపారి సస్తది."

"ఏంది బావా, నీదా గిది?"

ఔనంటే పోటీ నుంచి పోతాడు. సుజాతక్క వైపు తిరిగాడు. "అక్కా, మల్లొక్కపారి సదివియ్యరాదు?"

"ఒక్కదాన్నే మల్ల సదివిస్తే కడమోళ్లకు అన్యాయం గాదా అన్నా?"

నేనూ తల ఊపాను. ఎంత నిష్ఠగా ఊపానో!

'ఈ కవికి ఊపిరి చాలదు' అని తీర్పు వచ్చింది. పెద్దవయసులో కష్టపడ్డానని నాకు శాలువా వచ్చింది. బావ ఆ తీర్పును నమ్మాడు. తనకు కవిత్వం అబ్బదని చెప్పి రాయడం మానేశాడు. ఆ రోజు నాది కోపమా? ఒక్క ఎడ్లబండి మాటకు అంత కోపమా? కాదు, కుళ్లు. నాకు రాని మాట ఆయనకు వచ్చిందన్న కుళ్లు.

క్షమించమని అడగను. అడిగితే బావ నవ్వి ఊరుకుంటాడు, అది ఇంకా కష్టం. రాశాక ఒళ్లు కాస్త తేలికైంది, అంతే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: ఫోన్ పట్టుకున్న సుజాతక్క, పత్తి బస్తాల మీద నిద్రపోయిన దుకాణం సత్తయ్య సేటు, తువ్వాల కొరికిన రాజయ్య బావ, బర్రె కవిత పొల్లు పోకుండా నోటికొచ్చిన నేను.