డావిన్సీ చేయలేకపోయిన గుర్రం ముందు ఒక శనివారం

మిషిగన్‌లో ఉన్న నాలుగేళ్లలో గ్రాండ్ రాపిడ్స్‌కు ఒక్కసారే వెళ్లాను. 2009 సెప్టెంబరులో ఒక శనివారం. లియొనార్డో డావిన్సీ తలపెట్టి పూర్తి చేయలేకపోయిన కంచు గుర్రాన్ని మన కాలంలో పోతపోసి అక్కడి శిల్పాల తోటలో నిలబెట్టారు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఆ ఊరికి ఎలా వెళ్లాలి, పిల్లల్ని తీసుకెళ్లవచ్చా అని అడిగారు. దారి, టికెట్ల సంగతి చెబుతాను. ఆ రోజు జరిగింది కూడా చెబుతాను. దాన్ని పక్కనపెట్టి గుర్రం గురించి రాయడం నాకు చేతకాదు.

నేను విశాఖపట్నంలో శిల్పకళ చదువుకున్నాను. పెళ్లయ్యాక, భర్త వీసాను బట్టి వచ్చే హెచ్4 వీసా మీద డెట్రాయిట్ శివారులోని ఫార్మింగ్‌టన్ హిల్స్‌కు వచ్చాను. ఆ వీసా మీద ఉన్నవాళ్లకు అప్పట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు. నా భర్త శ్రీధర్ కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసేవాడు. వచ్చిన మూడో ఏడు, అక్కడి తెలుగువాళ్లు కట్టుకుంటున్న హాలుకి తెలుగుతల్లి విగ్రహం చేయమని కమిటీ పెద్ద డాక్టర్ సత్యనారాయణ గారు స్వయంగా ఇంటికి వచ్చి అడిగారు. నేను డబ్బు ప్రస్తావన తేలేదు, ఆయనా తేలేదు. ఆ చలికాలమంతా గ్యారేజీలో ఇనుప చట్రం కట్టి, తడి గుడ్డలు కప్పుకుంటూ, నా ఎత్తు మట్టి బొమ్మ చేశాను. చూసి సరేనంటే అచ్చు తీసి కంచు పోతకు పంపాలి. కమిటీ వస్తుంది వస్తుంది అంటూనే జనవరి వెళ్లిపోయింది. ఒక మంచు తుఫానులో కరెంటు పోయి, గ్యారేజీలో హీటర్ ఆగి, మట్టిలోని నీరు గడ్డకట్టింది. తల నుంచి భుజం దాకా చీలిపోయింది. మళ్లీ మొదలుపెడతానని చెబుదామని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. జైపూర్ నుంచి పాలరాతి విగ్రహం ఓడలో బయల్దేరిందని ఉగాది ప్రారంభోత్సవానికి వారం ముందు తెలిసింది. అది కూడా స్టేజీకి పూల అలంకరణ చేసిపెట్టమని అడగడానికి ఫోన్ చేసినావిడ నోటి మాటగా.

ఆ చలికాలంలో నా పని చూడటానికి వచ్చిన మనిషి ఒక్కరే, డాక్టర్ గారి భార్య విమల ఆంటీ. వారానికోసారి వచ్చి, మడత కుర్చీ వేసుకుని, కోటు విప్పకుండానే కూర్చునేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకసారి మాత్రం, "నీ చేతులు చూస్తుంటే నాకు ఆకలి కూడా గుర్తు రాదే" అన్నారు. ఉగాది నాటికి ఆమె ఆస్పత్రిలో ఉన్నారు. మే నెలలో పోయారు.

సెప్టెంబరులో డాక్టర్ గారు ఫోన్ చేసి, "గ్రాండ్ రాపిడ్స్‌లో డావిన్సీ గుర్రం ఉందిట. విమల చూడాలనేది. నువ్వూ శ్రీధరూ తోడొస్తే వెళ్దామమ్మా" అన్నారు. నాకు ఇష్టం లేదు. అయితే శ్రీధర్ వీసా, గ్రీన్‌కార్డు కాగితాలు నడిపిస్తున్న కన్సల్టింగ్ కంపెనీ డాక్టర్ గారి మేనల్లుడిది. ఆ ఏడాది డెట్రాయిట్‌లో ఎవరి ఉద్యోగానికీ భరోసా లేదు. "గాయన భార్య పోయి నాలుగు నెలలు గాలే. ఒక్క దినం వోతే ఏమైతది?" అన్నాడు శ్రీధర్. సరేనని, ముందురోజు రాత్రే పులిహోర కలిపి పెట్టాను.

పొద్దున ఎనిమిదికి పక్క ఊరు నోవైలో డాక్టర్ గారి ఇంటి దగ్గర ఆయన్ను ఎక్కించుకుని ఐ-96 హైవే పట్టుకున్నాం. దారి తిన్నగా పడమటికే. టోల్ లేదు. లాన్సింగ్ దాటేదాకా ట్రాఫిక్ ఉంటుంది, ఆ తర్వాత రెండువైపులా మొక్కజొన్న చేలు, అక్కడక్కడా ఎర్ర కొట్టాలు, అప్పుడే రంగు తిరుగుతున్న మేపుల్ చెట్లు. లాన్సింగ్ దగ్గర కాఫీకి ఆగాం. డాక్టర్ గారు ముందు సీట్లో కూర్చుని శ్రీధర్‌తో కార్ల కంపెనీల గురించి, వీసా క్యూల గురించి మాట్లాడుతున్నారు. "వర్రీ అవకు. మావాడితో నేను మాట్లాడతాలే" అని రెండుసార్లు అన్నారు. ఆ మాట అన్న ప్రతిసారీ శ్రీధర్ అద్దంలో నావైపు చూశాడు. ఆపకుండా వెళ్తే రెండు గంటల దారి. మేము పదిన్నరకు చేరాం. టికెట్టు అప్పట్లో తలకి పన్నెండు డాలర్లు, ఇప్పుడు పెరిగి ఉంటుంది. లోపల తిరగడానికి ట్రామ్ ఉంది కానీ నడవగలిగితే నడవండి. దారి పొడవునా చెట్ల మధ్య వేరే శిల్పాలు కనబడుతుంటాయి. డాక్టర్ గారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి మేము ట్రామ్ ఎక్కాం.

ట్రామ్ నడుపుతున్న పెద్దావిడ వాలంటీరు. గుర్రం కథ ఆవిడ చెబుతుంటే శ్రీధర్ డాక్టర్ గారితో పాటు తలాడించాడు. నాకు కాలేజీ రోజుల నుంచి తెలిసిన కథే. మిలాన్ డ్యూకు తన తండ్రి జ్ఞాపకార్థం ప్రపంచంలో ఎక్కడా లేనంత పెద్ద కంచు గుర్రం కావాలన్నాడు. లియొనార్డో ఏళ్ల తరబడి గుర్రపుశాలల్లో గడిపాడు. కండరాలు గీశాడు, కొలతలు తీశాడు, అంత పెద్ద ఒంటిని ఎలా పోతపోయాలో కొత్త పద్ధతి ఆలోచించాడు. చివరికి నిలువెత్తు మట్టి గుర్రాన్ని నిలబెట్టాడు. ఊరంతా వచ్చి చూసింది. ఈలోగా యుద్ధం ముంచుకొచ్చింది. గుర్రం కోసం కూడబెట్టిన కంచును ఫిరంగులకు పంపేశారు. తర్వాత మిలాన్‌ను పట్టుకున్న ఫ్రెంచి విలుకాండ్రు ఆ మట్టి గుర్రాన్ని గురి చూసి కొట్టుకోవడానికి వాడుకున్నారని చెబుతారు. అయిదు వందల ఏళ్ల తర్వాత ఒక అమెరికన్ పైలట్ ఈ కథ పత్రికలో చదివి, గుర్రాన్ని చేయించి ఇటలీకి కానుకగా ఇవ్వాలనుకున్నాడు. పూర్తి కాకుండానే అతనూ పోయాడు. ఒక మహిళా శిల్పి మళ్లీ మొదటి నుంచి చేసింది. ఒక పోత మిలాన్‌లో ఉంది, రెండోది ఇక్కడ.

మలుపు తిరగగానే గుర్రం కనిపించింది. ఇరవై నాలుగు అడుగుల ఎత్తు. ముందుకాలొకటి ఎత్తి, మెడ బిగించి, పచ్చిక మధ్య నిలబడి ఉంది. ఫోటోల్లో దాని బరువు తెలియదు. నేను ఎత్తిన కాలి కిందకు వెళ్లి పొట్ట వైపు చూశాను. రొమ్ము కండ ముందుకాలిలోకి దిగేచోట ఎవరో అరచేతితో మట్టిని ఒత్తి వదిలేసినట్టుంది. అలా వదిలేయడానికి ధైర్యం కావాలి. నేలకు ఆనిన గిట్ట మీద చేయి వేయవచ్చా అని పెద్దావిడను అడిగాను. "పిల్లలందరూ వేస్తారు, మీరెందుకు వేయకూడదు?" అంది. ఎండకు కంచు వెచ్చగా ఉంది. గ్యారేజీలో చీలిపోయిన బొమ్మ తర్వాత నా చేతికి ఒక శిల్పం తగలడం అదే మొదటిసారి. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, చాలా మామూలుగా, ఆకలి వేసినట్టు.

డాక్టర్ గారు పక్కకు వచ్చి నిలబడ్డారు. "అమ్మా వాణీ, నీతో ఒక మాట. హాల్లో సైడ్ రూమ్ ఒకటి విమల పేరు మీద కట్టిస్తున్నాను. అందులో దాని విగ్రహం పెట్టాలి. భుజాల దాకా చాలు. జైపూర్ వాళ్లకి ఫోటో పంపిస్తే ఒకటి చేసి పంపారు. ఎవరో మినిస్టర్ గారి భార్యలా ఉంది. విమల కాదది. నువ్వు చెయ్యాలి."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా వేళ్లు చేస్తానన్నాయి. ఆమె దవడ ఎముక, నవ్వు ఆపుకునేటప్పుడు బిగిసే పెదవి, అన్నీ కళ్లముందుకు వచ్చాయి. గుర్రం పక్కనున్న ఫలకం మీద శిల్పి పేరు ఉంది, ఒక ఆడమనిషి పేరు. అది చూపించి, "ఇలాగే నా పేరు వేస్తారా అంకుల్?" అని అడిగాను.

"పేరెందుకమ్మా, మనింటి పిల్లవి. పైగా నువ్వు హెచ్4 మీద ఉన్నావు. పేరు వేస్తే ఇల్లీగల్‌గా వర్క్ చేసినట్టు రికార్డ్ అయిపోతుంది. నీ మంచికే చెప్తున్నా."

"మొన్న తెలుగుతల్లి చేయమన్నప్పుడు ఈ మాట చెప్పలేదు మీరు."

"అది కమిటీ డెసిషన్. మార్బుల్ అయితే శుభమన్నారు అందరూ. నేనొక్కణ్ణీ ఏం చెయ్యను?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విమల కూడా నాతో పోట్లాడింది. ఆ పిల్లకి మీరే వెళ్లి చెప్పండి, ఫోన్ కూడా ఎత్తకపోవడం ఏంటని. హాస్పిటల్లో పడుకుని కూడా అదే గొడవ."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. జబ్బు మంచం మీద ఉన్న మనిషి నా కోసం మాట్లాడింది. ఈయన విన్నారు. విని కూడా రాలేదు.

శ్రీధర్ తగ్గు గొంతుతో, "వాణీ, చేస్తనని చెప్పు. మిగతాది ఇంట్ల మాట్లాడుకుందాం" అన్నాడు.

"నేను చెయ్యను అంకుల్," అన్నాను.

"విమల కోసం కూడానా?"

"ఆంటీ బతికుంటే మిమ్మల్ని ఈ మాట అడగనిచ్చేవారు కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ట్రామ్ ఆగే చోటికి నడిచారు. మోకాళ్ల నొప్పితో, మెల్లగా. ఆ నడక చూస్తే జాలి వేసింది. వేసినా నేను పిలవలేదు. చెట్ల కింద బల్లల దగ్గర నేను తెచ్చిన పులిహోర తిన్నాం. ఆయన కూడా తిన్నారు, బాగుందని మర్యాదకు అన్నారు. తిరుగుప్రయాణంలో మేనల్లుడి మాట, వీసా మాట ఆయన ఎత్తలేదు. నోవైలో దిగేటప్పుడు శ్రీధర్‌కి మాత్రం వెళ్లొస్తానని చెప్పి లోపలికి వెళ్లారు. ఇంటికి వచ్చాక శ్రీధర్ చాలాసేపు కారులోనే కూర్చున్నాడు.

డిసెంబరులో శ్రీధర్ ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీ ఇంకొకటి చూపించలేదు, గ్రీన్‌కార్డు కాగితాలు ఆపేసింది. ఆ చలికాలం మాతో పాటు ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. కాబట్టి దానికీ గుర్రం దగ్గర నేనన్న మాటకూ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, లేదని శ్రీధర్ నమ్మలేడు. ఒకే ఒక్కసారి, డాలస్ దగ్గర కాపెల్‌కు సామాను సర్దుకుంటున్నప్పుడు, "ఒక్క బొమ్మనే కద వాణీ" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అనలేదు. కాపెల్‌లో గ్రీన్‌కార్డు క్యూలో మళ్లీ మొదటి నుంచి నిలబడ్డాం. ఆ హాల్లో విమల ఆంటీ గదిలో, మినిస్టర్ గారి భార్యలా ఉందన్న ఆ జైపూర్ విగ్రహమే పెట్టారని విన్నాను.

లియొనార్డో గురించి అందరూ ఆ బాణాల కథే చెబుతారు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. కంచు పోయాక కూడా అతను అదే డ్యూకు దగ్గర ఉండిపోయాడు. అతని కోటలో గదులకు రంగులు వేశాడు. గుర్రం సంగతి ఇక ఎత్తనని, కాలం ఎలా ఉందో తనకు తెలుసని అర్థం వచ్చేలా ఆ డ్యూకుకు రాసుకున్నాడు. అంతటివాడే అలా సర్దుకుపోయాడు కదా, నేనెందుకు సర్దుకోలేకపోయానని ఎన్నోసార్లు అనుకున్నాను. చేయనన్నందుకు గర్వంగా లేదు, చేసి ఉంటే సంతోషంగా ఉండేదాన్నన్న నమ్మకమూ లేదు. ఈ ఏడాది, 2015లో, రూలు మారింది. గ్రీన్‌కార్డు క్యూలో ఇంత దూరం వచ్చిన మాలాంటి హెచ్4 వాళ్లు కూడా పని చేసుకోవచ్చట. నేనూ అప్లై చేశాను. పని అనుమతి కార్డు వచ్చిన రోజు మట్టి తెచ్చుకుని, ఎవరూ అడగకుండానే, విమల ఆంటీ ముఖం మొదలుపెట్టాను. నుదురు వచ్చింది. దవడ వచ్చింది. పెదవుల దగ్గర ఆగిపోయాను. ఆ బిగింపు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

పిల్లల్ని తీసుకెళ్లవచ్చు. వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటి రెండు సలహాలు. గుర్రం చూడటానికి పొద్దున్నే వెళ్లండి, అప్పుడు జనం తక్కువ. డెట్రాయిట్ నుంచి అయితే తిరుగు దారి కూడా రెండు గంటలకు పైనే ఉంటుంది, కాబట్టి ఎవరితో కలిసి వెళ్తున్నా ఎవరి కారులో వాళ్లు వెళ్లండి.