హస్తవాసి పిన్ని

ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఆయాగా ఉన్నన్నాళ్ళూ ఆమెను అందరూ హస్తవాసి పిన్ని అనేవారు. ఎవరికీ లొంగని ఏడుపు కూడా ఆమె భుజం మీదికి చేరగానే చల్లారేది. ఆ పొగడ్త ఆమెకు బాగానే తలకెక్కింది. ఎక్కదా మరి.

రిటైరయ్యాక, మత్తు అలవాటు నుంచి కోలుకుంటున్న బాలింతల కోసం నడిపే ఇంట్లో పనికి చేరింది. మొదటి రోజే అక్కడి నర్సమ్మ ఆమె గాలి తీసేసింది.

"పిన్నీ, ఇక్కడ బిడ్డ ఏడిస్తే మీరు ఎత్తుకోకూడదు. తల్లి పక్కన కూర్చుని చెప్పండి, అంతే. మీ చేతుల్లో బిడ్డ ఊరుకోవడం చూస్తే, తను దేనికీ పనికిరానని అనుకుంటుంది ఆ పిల్ల. అలా అనుకున్న రోజే మళ్ళీ మాత్రలు వెతుక్కుంటుంది."

వంటవాణ్ణి పిలిచి గరిటె ముట్టుకోవద్దన్నట్టుంది వ్యవహారం. అయినా పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది, పళ్ళ బిగువున.

మేడ మీద గదిలోకి వచ్చిన కుట్టుపని పిల్లది అక్కడ మామూలు కథే. కాలు విరిగినప్పుడు ఇచ్చిన నొప్పి మాత్రలు కాలు అతుక్కున్నా వదల్లేదు. ఇప్పుడు ఆ అలవాటు మాన్పించడానికి డాక్టరు రాసిన మందు రోజూ నర్సమ్మ ఎదుటే మింగుతోంది. కడుపులో ఉండగా అలవాటైన మత్తు పుట్టగానే ఆగిపోయేసరికి ఆమె కొడుకు వణికేవాడు. దీపం వేసినా, తలుపు చప్పుడైనా కీచుమని ఏడ్చేవాడు. తెర వెయ్యి, మెత్తని గుడ్డలో చుట్టు, గుండెకు ఆనించుకో అని పిన్ని వందసార్లు చెప్పింది.

"ఇవేవీ పనిచెయ్యక, నీకు కోపం నషాళానికంటితే, వాణ్ణి ఉయ్యాల తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి అవతలికి పో. మొహం కడుక్కుని రా. కోపంతో మాత్రం పట్టుకోకు."

"ఏడుస్తున్నవాణ్ణి వదిలేసి పోతే జనం ఏమంటారు పిన్నీ?"

"ఏదో ఒకటి అంటారు. అనడానికేగా జనం ఉన్నది."

బిడ్డను తల్లి దగ్గరే ఉంచాలా, ఆమె అక్కకు అప్పగించాలా అన్నది తేల్చడానికి పిల్లల సంక్షేమ అధికారిణి వచ్చింది. కొత్త దుప్పటి పట్టుకుని అక్క కూడా వచ్చింది. చెడ్డ మనిషేం కాదు, ముగ్గుర్ని పెంచింది. చెల్లెలి మీద నమ్మకం పోయింది, అంతే.

సరిగ్గా అప్పుడే రాగం అందుకున్నాడు వాడు. పిల్ల తెర వేసింది, చుట్టింది, ఆనించుకుంది. వాడు విల్లులా వంగి మరీ ఏడ్చాడు. పిన్నికి చేతులు లాగేస్తున్నాయి. తను ఎత్తుకుంటే వాడు ఊరుకుంటాడు. ఊరుకుంటే ఈ పిల్లకు కొడుకు దక్కడు. పిల్ల మెడ నరాలు ఉబ్బాయి. వాణ్ణి తొట్టిలో పడుకోబెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గది దాటి వెళ్ళిపోయింది.

"చూశారాండీ," అంటూ అక్క తొట్టి వైపు నడిచింది.

పిన్ని ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆగమ్మా. వస్తుంది."

"రాకపోతే?" అంది అధికారిణి.

మెట్లు దిగితే వీధి, వీధి మలుపులో మందుల షాపు. పిన్నికి నిజంగానే భయం వేసింది.

ఎక్కడో కుళాయి చప్పుడై ఆగింది. పిల్ల తడి మొహంతో వచ్చి కొడుకును ఎత్తుకుంది. వాడు ఏడుపు మానలేదు.

"ఎందుకు వదిలి వెళ్ళావు?" అంది అధికారిణి.

"కోపం వచ్చిందండి. కోపంతో వాణ్ణి పట్టుకోకూడదని."

అక్క మంచం అంచున కూలబడింది.

"అవతలికి పోవచ్చని నాకెవరూ చెప్పలేదు," అంది నేల చూస్తూ. "మా పెద్దాడి చెయ్యి మంచం మీంచి పడి విరిగిందని అందరికీ చెప్పాను. అలా విరగలేదు."

తలెత్తి అధికారిణి వైపు చూసింది. "వీణ్ణి దాని దగ్గరే ఉంచండి."