మామ దులపలేకపోయిన ఫిల్టర్లు

పోయిన వారం సూర్యాపేటలో మా డాబా మీద వడియాలు పెట్టి కిందికి దిగేసరికి ఫోన్‌లో ఒక పెద్ద జాబితా వచ్చి ఉంది. నేను పనిచేసి రిటైరైన కార్ల కంపెనీ, ఇన్నేళ్లలో తన పరిశోధనశాల నుంచి వెలువడిన శాస్త్రీయ పత్రాలన్నింటినీ ఒక్కచోట చేర్చిందట. నా తర్వాత ఆ విభాగంలో చేరిన అమ్మాయి దాన్ని పంపి, మీదీ ఉంది మేడమ్, చూసుకోండి అని రాసింది. ఇంజిన్ల మీద, బ్రేకుల మీద, రంగుల మీద, బ్యాటరీల మీద పుటలకు పుటలు సాగే ఆ జాబితాలో, కళ్లద్దాలు తుడుచుకుంటూ వెతికితే ఎక్కడో నడుమ మా పత్రం కనిపించింది. బియ్యం మిల్లుల ధూళికి కార్ల ఎయిర్ ఫిల్టర్లు ఎలా పూడుకుపోతాయన్నది దాని విషయం. నా పేరు ఉంది, మా విభాగం పెద్దాయన పేరు ఉంది, నేను వెతికిన మూడో పేరు మాత్రం లేదు. అది మా మేనమామ పేరు. జాబితాలో రచయితల పేర్లే వేస్తారు, మామ పేరు పత్రం చివరి పుటలో కదా ఉండేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మిర్యాలగూడలో మా ఇల్లు మిల్లుల వెనక వీధిలో ఉండేది. ఆరేసిన బట్టలు దులపకుండా మడతపెట్టిన రోజు మా అమ్మకు లేదు, మూత పెట్టని మంచినీళ్ల బిందె మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అలాంటి నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరీక్షల కోసం ధూళిని డబ్బాల్లో కొని తెప్పిస్తారని తెలిసి నవ్వాపుకోలేకపోయాను. అది జల్లించిన సన్నటి మట్టి. దాన్ని ఫిల్టర్ మీదికి ఊది, ఎంత పట్టిందో, గాలికి ఎంత అడ్డం పడుతోందో కొలిచేవారు. ఆ పరీక్షలో మా ఫిల్టర్ నిక్షేపంలా నెగ్గేది గానీ, మిర్యాలగూడ, నేరేడుచర్ల వైపు తిరిగే మా కంపెనీ బండ్లు మాత్రం ఫిల్టర్ మార్చే గడువు రాకముందే లాగలేక నల్లటి పొగ కక్కుతున్నాయని ఫిర్యాదులు వస్తూనే ఉండేవి. అక్కడి డ్రైవర్లు ఫిల్టర్లు శుభ్రం చేసుకోరు, అంతే, అని మా విభాగంవాళ్లు తేల్చేశారు. మా ఊరివాళ్లను ఎవరైనా ఒక మాటంటే నాకు ఊరుకోబుద్ధి కాదు, ఈ వయసులోనూ కాదు. తప్పు డ్రైవర్లది కాదు, మా మిల్లుల ధూళి మీ డబ్బాలో ధూళి లాంటిది కాదని నిండు సమావేశంలో అనేశాను. అయితే రుజువు తెమ్మన్నారు పెద్దాయన. ఒక్క సీజన్ గడువు. తేలకపోతే ఈ పని మూసేసి, నన్ను పాత నివేదికలు సర్దే బల్ల దగ్గరికి పంపుతామన్నారు.

మామకు మిర్యాలగూడలోనే కోదాడ రోడ్డులో మెకానిక్ షెడ్డు. బండ్లకు మార్చిన పాత ఫిల్టర్లను పారేయకుండా దాచమని, ఆ బండి ఏ మిల్లు దగ్గర తిరిగేదో రాసి ఒక్కోదానికి చీటీ కట్టమని వెళ్లి అడిగాను. అంతటితో ఊరుకోక, మిల్లు ధూళి ఎలాంటిదో ఆయనకే పాఠం చెప్పి వచ్చాను. అమ్మ పుట్టింటి సంగతులు మేనమామకు చెప్పినట్టు అని ఊరికే అన్నారా! చెప్పవలసిన ఒక్క ముక్క మాత్రం వదిలేశాను, అది ఎవరికైనా తెలిసేదేనని నా ధీమా.

కోతలై మిల్లులు జోరుగా ఆడిన ఆ సీజన్ చివర, పెద్దాయనను వెంటబెట్టుకుని మిర్యాలగూడలో రైలు దిగాను. షెడ్డు ముందు కొత్త చాప, చాప మీద వరసగా ఫిల్టర్లు, ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ. ఒక్కదాని మీదా చిటికెడు ధూళి లేదు. అన్నింటినీ దులిపి, గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు పెట్టాడు మామ. ఏం పని చేసినవ్ మామా, అని కసిరాను.

"అంత మురికియి పెద్దసారు చేతిల ఎట్ల వెట్టాలె బిడ్డా? నలుగుర్ల నీ ఇజ్జత్ పోదా?" అన్నాడు మామ.

ధూళి దులపవద్దన్న ఆ ఒక్క ముక్కే నేను చెప్పనిది. నా ఇజ్జత్ కోసమే నా సీజనంతా దులిపేశాడు. పెద్దాయన ముందే ఏడ్చేశాను. మామ ముఖం చిన్నబోయింది. కాసేపు తల గోక్కుని, తలుపు చాటు నుంచి ఒక గోనెసంచి తెచ్చి, మూతి విప్పకుండానే పట్టుకు నిలబడ్డాడు.

"ఇంక గివ్వి ఉన్నయి గని, సూపిచ్చేటియి గావు. ఎంత గీకినా వదుల్తలేవు. ఉప్పుడు బియ్యం మిల్లుల కాడ తిరిగిన బండ్లయి. పచ్చిబియ్యం మిల్లు దుమ్మైతె రెండు దెబ్బలకే రాలుతది. గీ తవుడుల నూనె ఎక్కువుంటది గద, జిడ్డు లెక్క పట్టుకుంటది."

తెలుగు సగం సగమే అర్థమయ్యే పెద్దాయనకు నేను ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన ఇస్త్రీ ప్యాంటుతో చాప మీద చతికిలబడి సంచి తన ఒళ్లోకి లాక్కున్నారు. మాకు కావలసిన రుజువంతా అందులో ఉంది, చీటీలతో సహా. ఎంత దులిపినా పోనివి ఒక సంచి, దులిపితే పోయేవి ఒక చాప: మామ తెలియకుండానే మా ప్రయోగం సగం చేసిపెట్టాడు. పరిశోధనశాలలో మేం కొలిచి చూస్తే తేలినదీ ఆయన చెప్పినదే. ఆ తర్వాత వచ్చిన బండ్ల సర్వీసు పుస్తకంలో, మిల్లుల ప్రాంతంలో ఫిల్టర్‌ను దులిపి మళ్లీ వాడవద్దు, కొత్తది వేయండి అని ఒక వాక్యం చేరింది. ఇక డ్రైవర్లను ఎవరూ ఏమీ అనలేదు.

పత్రం అచ్చుకు వెళ్లే ముందు మరో చిక్కు వచ్చింది. కృతజ్ఞతల్లో చదువూ హోదా లేని మెకానిక్ పేరేమిటి, స్థానికుల సహకారంతో అని రాస్తే చాలదా అన్నారు పైవాళ్లు. ఆ పేరు తీస్తే నా పేరూ తీసేయండి అన్నాను. నాకది మొదటి పత్రం, అయినా అన్నాను. పెద్దాయన కలం తీసి, ఇంటిపేరుతో సహా మామ పేరు రాసి, పక్కన మెకానిక్, మిర్యాలగూడ అని చేర్చారు. జీవితంలో నేను గర్వపడ్డ రోజులు లెక్కపెడితే ఆ రోజే ముందుంటుంది. మామ ఆ పుటను ప్లాస్టిక్ కవరులో పెట్టి షెడ్డులో దేవుడి పటం పక్కన తగిలించాడు. ఇంగ్లీషు రాకపోయినా, తన పేరున్న వరస మీద వేలు పెట్టి వచ్చిన ప్రతి డ్రైవరుకూ చూపించేవాడు. చివరికి ఆ వరస మీద గ్రీజు మరక పడిపోయింది.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బండి జబ్బు బండే కంప్యూటర్‌కు చెప్పుకుంటుందట. మంచిదే, మేం అంతగా తంటాలు పడ్డది అందుకే కదా. జాబితాలో ఈమధ్య పత్రాలు కొన్ని తెరిచి, చివరి పుటలు మాత్రం చదివాను. సంస్థలకు, శాఖలకు, యంత్రాలకు కృతజ్ఞతలున్నాయి. షెడ్డున్న మనిషి ఒక్కడూ కనిపించలేదు.

మా పత్రం చివరి పుట చూడమని, జాబితా పంపిన ఆ అమ్మాయికి రాశాను. చూసి, ఈయన ఏ సంస్థలో శాస్త్రవేత్త మేడమ్ అని అడిగింది. పక్కనే రాసి ఉంది కదమ్మా, మళ్లీ చదువు, అన్నాను.