తడారిన పిల్లర్లు

ఖాజాగూడ చెరువుకు ఇవతల కడుతున్న ఆఫీసు టవరులో నేను క్వాలిటీ ఇంజనీరుగా చేరేనాటికి మా పాపకు ఆరేళ్ళు. మావారు రాజమండ్రి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరు. రాష్ట్రం మారి ఇటు బదిలీ అయ్యే వీలు లేదు. నా చదువుకు తగ్గ పని అటు లేదు. పాప వాళ్ళ నాన్న దగ్గరే ఉండేట్టు, నేను మదీనాగూడలో ఒక గది అద్దెకు తీసుకునేట్టు ఇద్దరం కలిసే తేల్చుకున్నాం. తేల్చుకున్న రోజు అదంత కష్టమనిపించలేదు. వచ్చాక మొదటి ఆదివారం చర్చిలో, నా ముందు వరసలో ఒకావిడ కూతురి జడ రిబ్బను సరిచేస్తుంటే చూశాను. పాట సగంలో ఆపేసి బయటికి వచ్చేశాను.

సైటులో పొద్దున్నే నా మొదటి పని ఫోటోలు తీయడం. ముందురోజు ఎంత పని జరిగిందో అంతస్తు అంతస్తుకూ తీసి ఆఫీసుకు పంపాలి. తర్వాత గోడలు నిటారుగా వచ్చాయా, కడ్డీల మధ్య ఎడం సరిగ్గా ఉందా, కాంక్రీటులో ఎక్కడైనా బొక్కలు పడ్డాయా అని చూసి రాసుకోవాలి. కొత్తగా పోసిన పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి, కనీసం వారం పాటు తడి ఆరకుండా నీళ్ళు కొట్టాలి. మధ్యలో ఆరిపోతే కాంక్రీటుకు రావలసిన గట్టిదనం రాదు. అందుకని ప్రతి పిల్లరు మీదా పోసిన తేదీ సుద్దముక్కతో రాయించేదాన్ని.

తొమ్మిదో అంతస్తులో నీళ్ళు కొట్టే పని ఒకామెది. పాలమూరు వైపు మనిషి, ఇంచుమించు నా ఈడుదే. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, పైపు భుజాన వేసుకుని తిరిగేది. నేను ఫోన్ ఎత్తగానే తప్పుకునేది. ఫోటోల్లో మనుషులు పడకూడదని ఆఫీసు వాళ్ళ నియమం.

ఒకరోజు తప్పుకోలేదు.

"మేడం, నేను నిలవడ్డప్పుడు ఒక్కటి తీస్తవా?"

"ఎందుకమ్మా?"

"నా బిడ్డకు పంపాలె. అమ్మా, నువ్వు ఏడ పని చేస్తవే అని అడుగుతది. మొగులు కాడ చేస్తున్ననంటే నమ్ముతలేదు."

వెనక మబ్బులు కనిపించేట్టు తీసి, ఊళ్ళో ఉన్న వాళ్ళ మరిది ఫోనుకు పంపాను. కూతురికి ఏడేళ్ళని, అత్త దగ్గర ఉంటుందని చెప్పింది. తన నంబరు కూడా నా ఫోనులో వేయించింది. నా సంగతి అడిగింది. చెప్పాను.

"అయితే నీదీ నా బతుకే," అంది.

సైటు పక్కనున్న అద్దాల ఆఫీసులో నాతో కలిసి టీ తాగేవాళ్ళెవరూ నాతో అంత మాట అనలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం వేళ నేను పాపతో మాట్లాడేటప్పుడు ఆమె పక్క పిల్లరు నీడలో కూర్చుని వినేది. నేను ఫోన్ పెట్టేయగానే, "ఏమన్నది?" అనేది. ఇద్దరి పిల్లలకూ ఒకే వారంలో ముందు పళ్ళు ఊడాయి. మా పాప ఫోనులో 'స' పలకలేక తంటాలు పడుతుంటే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆమె నవ్వుకే తుడుచుకుందో, మరి దేనికో నేను అడగలేదు. నా కళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

ఎండలు ముదురుతున్నప్పుడు మూడు రోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. తిరిగి బయలుదేరేటప్పుడు పాప ఏడవలేదు. గుమ్మంలోంచి చెయ్యి ఊపి, బొమ్మల దగ్గరికి పరుగెత్తింది. ఏడ్చి ఉంటే బాగుండేదని రైల్లో దారంతా అనుకుంటూ వచ్చాను.

మర్నాడు తొమ్మిదో అంతస్తుకు ఎక్కేసరికి గోనెపట్టాలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. పిల్లరు మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంది. సుద్దతో రాసిన తేదీ చూస్తే, పోసి నాలుగు రోజులే అయింది. రిజిస్టరులో మాత్రం రోజుకు మూడు పూటలా నీళ్ళు కొట్టినట్టు టిక్కులున్నాయి. ఆమె ఎక్కడా కనిపించలేదు.

నాకు ఒళ్ళు మండింది. అక్కడే నిలబడి రిపోర్టు రాశాను. తొమ్మిదో అంతస్తులో నీళ్ళు కొట్టే మనిషి నిర్లక్ష్యం వల్ల పిల్లర్లు ఆరిపోయాయని రాసి, ఫోటోలు జతచేసి పంపేశాను. ఒక్కరిని కూడా ఏమైందని అడగలేదు. ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన దిగులు కూడా ఆ రాతలో కలిసిందని ఇప్పుడు తెలుసు.

పిల్లర్లను మళ్ళీ తడపడం మొదలుపెట్టించాం. తర్వాత పరీక్ష చేస్తే గట్టిదనం చాలినంత వచ్చింది. కాని నా రిపోర్టు వెళ్ళిన రెండో రోజే, ఆ కూలీలను ఊరి నుంచి తెచ్చిన గుంపు మేస్త్రి ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ సంగతి నాకు ఇసుక మోసే ఒక పెద్దావిడ చెప్పింది.

"దాని బిడ్డకు జెరమొచ్చి దవాఖానల వేసిన్రు మేడం. సూపర్‌వైజరుకు చెప్పే పోయింది. దొంగతనంగ పోలే."

సూపర్‌వైజరును పిలిచి అడిగాను. మా కోనసీమ అబ్బాయే. తల దించుకున్నాడు.

"ఇంకొకరిని పెడదామనుకున్నానండి. మనుషులు దొరకలేదు. రిజిస్టరు ఖాళీగా ఉంటే మీరు అడుగుతారని నేనే టిక్కులు పెట్టేశానండి."

నేను సెలవు చీటీ రాసిచ్చి నా కూతురి దగ్గరికి వెళ్ళాను. ఆమె నోటిమాటగా చెప్పి తన కూతురి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరం వెళ్ళింది ఆ మూడు రోజుల్లోనే.

జరిగిందంతా వివరంగా రాసి రెండో రిపోర్టు పంపాను. సూపర్‌వైజరును వేరే సైటుకు మార్చారు. ఆమెను వెనక్కి పిలవడానికి గుంపు మేస్త్రి ఒప్పుకున్నాడు. కాని అప్పటికే ఆమె ఫ్యాక్టరీలుండే బాలానగర్‌లో ఒక షెడ్డు కట్టే పనికి కుదిరిపోయింది.

వారం తర్వాత ఒక శనివారం పగలు, మా సైటు పక్కన కూలీలుండే రేకుల షెడ్డులో మిగిలిపోయిన గిన్నెలు, దుప్పట్లు తీసుకుపోవడానికి వచ్చింది. వెంట కూతురు. జ్వరంతో చిక్కిపోయి, తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. నేను గేటు దగ్గరికి పరుగున వెళ్ళాను.

"తప్పు చేశానమ్మా. తెలియక రాశాను," అన్నాను.

"నువ్వు రాసింది అబద్ధం కాదు మేడం. నీళ్ళు కొట్టలే, నిజమే." మూట నేల మీద పెట్టింది. "గని నాకొక్క ఫోన్ జేస్తివి కాదు. నంబరు నీ తాన ఉండె కద."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

"మళ్ళీ ఇక్కడికే వచ్చేయ్. నేను మాట్లాడాను."

"వద్దు మేడం. ఆడ కిందనే పని. బిడ్డను వెంటవెట్టుకోవచ్చన్నరు. ఇగ ఇడిసి ఉండ."

పిల్ల టవరు వైపు మెడ ఎత్తి చూస్తోంది. అమ్మ పని చేసిన చోటు చూపించమంది. పిల్లలను గేటు దాటి లోపలికి తీసుకెళ్ళకూడదు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల వేలు పట్టుకుని కింద నుంచి అంతస్తులు లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగాం.

"గంత పైనా?" అంది పిల్ల. ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోయింది.

ఆ చెయ్యి నా చేతిలో ఇంకాసేపు ఉంటే బాగుండునని ఉంది. వాళ్ళమ్మ మూట నెత్తికెత్తుకుని, "పోదాం పా," అంది. పిల్ల చెయ్యి లాక్కుంది. ఇద్దరూ రోడ్డు దాటి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి మాట్లాడింది. పిల్లను దగ్గరలో బడిలో వేశానంది. మా పాప ఎట్లుందని అడిగింది. రెండోసారికి ఆ నంబరు పనిచేయలేదు. బాలానగర్ వెళ్ళాలని చాలా ఆదివారాలు అనుకున్నాను. అన్ని షెడ్ల మధ్య ఎక్కడని వెతకను?

ఆమె బదులు వచ్చిన కొత్తామె మంచి పనిమంతురాలు. వచ్చిన మూడో రోజు నేనే దగ్గరికి వెళ్ళి, "మీ ఊరేదమ్మా? పిల్లలున్నారా?" అని అడిగాను.

ఆమె పైపు కింద పడేసి, హెల్మెట్ సర్దుకుని నిటారుగా నిలబడింది.

"ఉన్నరు మేడం. ఏంది, నాతోని ఏమన్న తప్పయిందా?"

లేదని చెప్పాను. ఊరికే అడిగానన్నాను. ఆమె నమ్మలేదు. నేను మెట్లు దిగేదాకా నా వైపే చూస్తూ, అప్పటికే తడిసి ఉన్న పిల్లరుకు నీళ్ళు కొడుతూనే ఉంది.